పక్కింట్లో ప్రస్థానం సంచి

నేను అడిగింది నాలుగు రోజులు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి పెళ్లికో, ఆసుపత్రికో, తిరుపతికో. ఈసారి నాకు బడిలో వాడుకోని సెలవులు మిగిలాయి. అండమాన్ దీవులకు పోదామా అని మా ఆయన్ని అడిగాను. సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో నేను కలపని కాఫీని, నేను కడగక్కర్లేని కప్పులో తాగాలి. అంతే నా కోరిక. ఆ ఒక్క కప్పు కాఫీ కోసం ఇంటిల్లిపాదీ కలిసి నా చేత మూడు చెరువుల నీళ్లు తాగించారు.

మొదలుపెట్టింది మా ఆయనే. ఆయనది మార్కాపురంలో పలకల వ్యాపారం. రాయిని వేలితో తట్టి, చప్పుడు విని పగులెక్కడుందో చెప్పేస్తారు. హోటళ్లను కూడా అలాగే తట్టి చూడటం మొదలుపెట్టారు. అక్కడ ఉండి వచ్చినవాళ్లు ఫోన్లో రాసిన అభిప్రాయాల్లో తిట్లు మాత్రమే చదివేవారు. ఒక హోటల్లో చీమలట. ఇంకోదాంట్లో దుప్పటి వాసనట. మరోదాంట్లో రాత్రంతా అలల చప్పుడుకు నిద్ర పట్టలేదని ఎవరో మహానుభావుడు రాశాడు. సముద్రం పక్కన పడుకుని సముద్రం చప్పుడు చేస్తోందని ఏడ్చినవాడి మాట పట్టుకుని ఆ హోటల్‌ని కూడా కొట్టేశారు.

"మెచ్చుకున్నోళ్లవి గూడా చదవండి" అన్నాను.

"అవి హోటలోళ్లే రాయించుకుంటారు" అన్నారు.

పదిహేను రోజులు ఇలా గడిచాక నేనొక తప్పు చేశాను. ఆదివారం కొమరోలు వెళ్లినప్పుడు, మాటల్లో మాటగా, నాయనకు చెప్పాను. నాయనకు డెబ్బై ఏడేళ్లు. ఇప్పటికీ పొద్దున్నే బోరు దగ్గరికి వెళ్లి మోటారు వేసి వస్తేగానీ ఆయనకు తెల్లవారదు. నా మాట విని మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ దీవులకేనా?" అన్నాడు. "అయితే నేనూ వస్తా."

ఎందుకో నాకు తెలుసు. మా తాత, అంటే నాయనకు నాయన, పెద్ద యుద్ధం రోజుల్లో పటాలంలో చేరాడు. జపానువాళ్లు లొంగిపోయాక ఆయన దళాన్ని ఆ దీవులకు పంపారట. కొన్ని నెలలు అక్కడుండి, ఊరికి తిరిగొచ్చి వ్యవసాయంలో పడ్డాడు. ఆయన తెచ్చుకున్నవి ఒక ఇనప పెట్టె, రెండు కథలు. ఒకటి, జపానువాళ్లు ఒడ్డున కట్టుకున్న సిమెంటు గదుల గురించి. గోడకు జానెడు ఎత్తు సందు ఉండేదట. లోపల నిలబడి అందులోంచి చూస్తే సముద్రం పంచె అంచంత కనబడేదట. దాన్ని ఊళ్లో ఎవరూ కాదనలేదు. రెండోది ఏనుగుల గురించి. అడవిలో దుంగలు లాగే ఏనుగులు ఒక దీవిలో పని కాగానే సముద్రంలో దిగి, తొండం పైకెత్తుకుని, ఇంకో దీవికి ఈదుకుంటూ పోయేవట. మావటి నడుము లోతు నీళ్లలో వాటి మెడ మీద కూర్చునేవాడట.

బోరులో రెండంగుళాల నీళ్లు పడితే పండగ చేసుకునే ఊరు మాది. సముద్రమే చూడని జనం సముద్రంలో ఈదే ఏనుగుల్ని ఎలా నమ్ముతారు? ఎవరైనా కోతలు కోస్తే "ఆఁ, ఏనుగులు ఈదినాయిలే" అనడం మా చుట్టుపక్కల మామూలైపోయింది. నేను చిన్నప్పుడు బడిలో ఆ మాట నేర్చుకుని ఇంటికొచ్చి అంటే, నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ కథ నిజమో కాదో అక్కడికి వెళ్లి తేల్చుకోవాలని ఆయనకు ఎన్నేళ్ల నుంచో ఉంది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంక లేదు.

ఫోన్లో ఏనుగు ఈదే వీడియో ఒకటి వెతికి చూపించాను. ప్రయాణం తప్పుతుందేమోనని చిన్న ఆశ. నాయన కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఈ ఫోన్లల్లో ఇప్పుడు ఏనుగులు ఆకాశంలో గూడా ఎగరతాండాయి పాపా. ఇది చూపిస్తే మీ గిద్దలూరు మామ నమ్ముతాడా?"

సరే, ముగ్గురం అయ్యాం. అదిగో, అక్కడ మా అమ్మ అందుకుంది. ముగ్గురు కలిసి ఇంట్లోంచి బయల్దేరకూడదు. ఒకరు తగ్గాలి, లేకపోతే ఒకరు పెరగాలి. "అయితే నువ్వూ రామ్మా" అంటే, "నేను నేల ఇడిసిపెట్టి పైకి రాను" అని తేల్చి చెప్పింది. ఇద్దరం వెళ్లాల్సిన చోటికి నాలుగో మనిషిని వెతకాల్సిన గతి పట్టింది నాకు.

"మీ మామను పిలుచ్చుకొస్తా" అన్నాడు నాయన. "వాడు కండ్లారా చూడాల."

మామ అంటే అమ్మకు అన్న. గిద్దలూరులో ఎరువుల దుకాణం నడిపి, ఇప్పుడు కొడుక్కు అప్పజెప్పి ఖాళీగా ఉన్నాడు. అమ్మా నాయనల పెళ్లి మాటలకు గిద్దలూరు నుంచి వచ్చినప్పుడు తాత నోట ఏనుగుల కథ విని మొదట నవ్వింది ఆయనే. బావమరిది కదా, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు వదల్లేదు. ఎక్కడ కలిసినా "బాగుండావా" అని అడగడు. "ఏం బావా, ఏనుగులు బాగుండాయా?" అంటాడు. పెళ్లిళ్లలో అంటాడు, కర్మకాండల్లో అంటాడు. అలాంటి మనిషిని నాలుగు రోజులు సముద్రం మధ్యకు తీసుకెళ్లాలి. నేను వద్దని ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పుకున్నట్టే అయింది.

మామ వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన షరతులు మాత్రం రోజుకొకటి ఫోన్లో వచ్చేవి. పెరుగు తోడుపెట్టినదై ఉండాలి, డబ్బాది కాకూడదు. గది కింది అంతస్తులో ఉండాలి. విమానంలో కిటికీ పక్కన కూర్చోడు. మేం విమానం దిగే ఊరి పేరును ఈ మధ్యే మార్చి శ్రీ విజయపురం అని పెట్టారని నేను చెబితే, దానికీ ఒకటి అన్నాడు.

"ఊరి పేరే నిలకడగా లేదు. ఇంక మీ తాత మాట నిలకడగా ఉంటాదా పాపా?"

నాయన గోల వేరే. నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధాన్ని రెండు పీరియడ్లలో ముగించేసి పిల్లల్ని ఇళ్లకు పంపిస్తాను. నాయన అలా వదిలే రకం కాదు. జపానువాళ్లు ఏ ఒడ్డున దిగారు, సిమెంటు గదులు ఎన్ని మిగిలాయి, తెల్లవాళ్లు కట్టిన భవనాలను చెట్లు మింగేసిన దీవి ఒకటుందంట కదా, అది మన హోటలుకు ఎంత దూరం? నేను ఏ హోటలుకు ఫోన్ చేసినా మొదట అడగాల్సింది గది గురించి కాదు, జపానువాళ్ల సిమెంటు గది గురించి. ఒకతను పాపం, "ఏసీ గదులన్నీ కొత్తవే మేడమ్, పాతవి లేవు" అని మూడుసార్లు చెప్పాడు.

చివరికి ఒక హోటల్లో ఫోన్ ఎత్తినతను నా హిందీ రెండు వాక్యాలు విని, "తెలుగులో చెప్పండి, పర్లేదండి" అన్నాడు. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో అక్కడికి వెళ్లిన కుటుంబమట. హోటలు ఒడ్డు మీదే ఉంది, సిమెంటు గది నడిచిపోయేంత దూరంలో ఉంది, పెరుగు వాళ్లే తోడేస్తారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కాఫీ ఎలా ఉంటుందని అడిగాను. "మిషన్ కాఫీ అండి" అన్నాడు. అయినా సరే అనేశాను. మా ఆయన దాని మీద తిట్లు వెతకకముందే రెండు గదులు ఖాయం చేసేశాను.

ఫోన్ పెట్టేయబోతూ ఏనుగుల సంగతి కూడా అడుగుదామనుకున్నాను. పక్కనే ఉన్న నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది అడగొద్దు. ఆడికి పోయినాక, మీ మామ ముందర అడగాల."

అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

సోమవారం పొద్దున పదింటికి కారులో హైదరాబాదు, మంగళవారం విమానం. టికెట్లు కొన్నాక ఆ మాట అమ్మకు చెప్పడం నా రెండో తప్పు. సోమవారం తూర్పుకు శూల. ఆ దిక్కుకు ఆ రోజు ప్రయాణం పెట్టుకోకూడదు.

"మేం ముందు పోయేది హైదరాబాదుకు గదా. అది ఉత్తరం" అన్నాను.

"దీవులు యాడుండాయి? తూర్పున గదా. నువ్వు ఎన్ని వంకర్లు తిరిగి పోయినా పొయ్యేది తూర్పుకే."

మంగళవారం బయల్దేరదామా అంటే విమానం దొరకదు. ఆదివారం పోదామంటే మామ ఇంట్లో ఏదో వ్రతం. అసలు మానేసి ఇంట్లో కూర్చుందామనిపించింది నాకు. ఆ మాట పైకి కూడా అన్నాను. అప్పుడు అమ్మ తనే దారి చూపించింది: ప్రస్థానం పెట్టాలి. మంచి రోజు చూసి, వెళ్లేవాళ్ల బట్టలు ఒక సంచిలో సర్ది పక్కవాళ్లింట్లో పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. తర్వాత ఏ రోజు కదిలినా శూల అంటదు. కాకపోతే ఆ సంచి తిరిగి మన గడప తొక్కకూడదు. పోతూ పోతూ అక్కడి నుంచే తీసుకోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం నాయన కొమరోలు నుంచి, మామ గిద్దలూరు నుంచి మా ఇంటికి దిగారు. నేను బడిలో ఉన్నాను. మా ఆయన చీర ఒకటి, చొక్కా ఒకటి తీసిచ్చారు. నాయన తన పంచె, మామ తన తువ్వాలు పెట్టారు. పసుపు కొమ్ము, గుప్పెడు బియ్యం వేసి, నాయన తన చేత్తోనే సంచి మూతి కట్టి పక్కింటి అక్క చేతిలో పెట్టాడట. ఆ అక్క ఒక్కతే ఉంటుంది. కూతుర్ని గిద్దలూరులో ఇచ్చింది.

మామ ఆదివారం వ్రతానికి ఇంటికెళ్లి రాత్రికి తిరిగొచ్చాడు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, నేను చేతిసంచిలో చివరిసారి అన్నీ చూసుకుంటూ, ఆధార్ కార్డులు అడిగాను. మా ఆయన నాయన వైపు చూశారు. నాయన పక్కింటి వైపు చూశాడు.

"సంచిలో పెట్టినా."

"ఏ సంచిలో?"

"ప్రస్థానం సంచిలో. నలుగురివీ పెట్టినా. బట్టలు ఎవురివైనా ఒకటే గదా పాపా, బట్టలు పోతే మనం పోయినట్లు ఎట్ల అవుతాది? మొగం ఉండే కాయితం పెడితేనే మనిషి పోయినట్లు లెక్క."

"మంచి మాటే గదా" అన్నాడు మామ. యాభై ఏళ్లలో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి సందర్భం అదే.

నాకు ఒళ్లు మండిపోయింది. విసవిసా పక్కింటికి నడిచాను. తలుపుకు అరచేతంత తాళం.

ఎదురింటివాళ్లు చెప్పారు, కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోనొస్తే అక్క తెల్లవారగానే మొదటి బస్సుకు గిద్దలూరు వెళ్లిపోయిందట. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. పదహారు సార్లు చేశాను. మావిద్దరి కార్డులూ ఫోన్లో చూపించొచ్చు. పెద్దవాళ్ల కార్డులకు ఇచ్చిన నంబర్లు ఎప్పుడో చచ్చిపోయిన బటన్ ఫోన్లవి. ఫోన్లోకి దించుకుందామంటే వాటికి వచ్చే ఓటీపీని ఎవరు చదవాలి? తాళం పగలగొడదామన్నాను. ఒంటరి మనిషి ఇంటి తాళం మనం పగలగొడితే వీధిలో తలెత్తుకోలేమని మా ఆయన అడ్డుపడ్డారు. మధ్యలో కొమరోలు నుంచి అమ్మ ఫోన్.

"సంచి ఇంట్లోకి తేలేదు గదా?"

"లేదమ్మా" అన్నాను పళ్లు కొరుకుతూ. "ఇంట్లోకి తేలేదు. యాడికీ తేలేదు."

పదకొండున్నరకు అక్క ఫోన్ ఎత్తింది. మనవరాలు పుట్టిందట. సంతోషం చెప్పి సంచి సంగతి అడిగాను. "ప్రస్థానం సంచి గదమ్మా, యాడంటే ఆడ పెడితే అపచారమని బీరువాలో పెట్టి తాళమేసినా" అంది. రెండు తాళంచెవులూ ఆమె కొంగుకే ఉన్నాయి. వాటిని గుడ్డలో మూటకట్టి, మార్కాపురం వచ్చే బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపిస్తానంది. చేసేదేముంది? నలుగురం కారెక్కి, వెళ్లాల్సిన దారి వదిలేసి, బస్టాండుకు వెళ్లి గేటు పక్కన కూర్చున్నాం.

ఎండ పెరుగుతోంది. గిద్దలూరు బోర్డుతో ఏ బస్సు లోపలికొచ్చినా మా ఆయన పరుగెత్తి వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు. కారు డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూసి నిట్టూరుస్తున్నాడు. వెనక సీట్లో మామ భుజం మీది ఇంకో తువ్వాలుతో విసురుకుంటూ అన్నాడు.

"ఇంతకీ ఏనుగుల సంగతి తేలకుండానే పోయేట్లుండాది గదా బావా."

అప్పుడే నా ఫోన్ మోగింది. హోటలతను. రేపు విమానాశ్రయానికి బండి ఎన్నింటికి పంపాలో అడగడానికి చేశాడు. నా రెండు నెలల కోపం ఒక్కసారిగా బయటికొచ్చింది.

"మేం వస్తామో రామో నాకే తెలీదు బాబూ. ముందు ఒకటి చెప్పు. మీ దీవుల్లో ఏనుగులు సముద్రంలో ఈదేవా, లేదా?" స్పీకర్ నొక్కి ఫోన్ వెనక్కి తిప్పాను. నాయన వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. అయినా నేను ఆగలేదు.

"ఏనుగులా అండి? ఈదేవండి" అన్నాడతను, బస్సులు తిరుగుతాయా అని అడిగితే చెప్పినంత మామూలుగా. "మా నాన్న మావటేనండి. దుంగల పని ఉన్న రోజుల్లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి అలాగే తీసుకుపోయేవాళ్లు. తొండం ఒక్కటే కనబడేదండి. చిన్నప్పుడు మేం ఒడ్డున కూర్చుని తొండాలు లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ పని లేదండి, ఆగిపోయింది. ఎందుకండి అడిగారు?"

మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మామ తువ్వాలు విసరడం ఆపేశాడు.

"సరే బావా" అన్నాడు చివరికి. "నువ్వు గెలిచినావు. నేను ఓడిపోయినా."

"నీదేముందిలే బావా" అన్నాడు నాయన. "నువ్వు నవ్వినావు, అంతే. ఆ పొద్దు పెండ్లి మాటల కాడ మీరంతా నవ్వినప్పుడు నేనేమన్నానో గుర్తుందా నీకు?"

మామ తల వంచుకున్నాడు. గుర్తున్నట్టే ఉంది.

"'నాయనా, ఇంక సాలిచ్చు ఆ కోతలు' అన్నా. పదిమందిలో అన్నా. సంబంధం యాడ తప్పిపోతాదో అని నా బయం నాది." "ఆ తర్వాత ఆయన పదకొండేండ్లు బతికినాడు. మళ్లా ఒక్కనాడు గూడా ఆ కత చెప్పలే. మనవరాలు అడిగినా చెప్పలే."

ఆ మనవరాలిని నేనే. తాత మంచం పట్టీ మీద కూర్చుని ఏనుగుల కథ చెప్పమని అడిగేదాన్ని. "అది మీ నాయనకు నచ్చదు తల్లీ" అని నా తల నిమిరేవాడు. అది నాకు గుర్తుంది, ఎందుకన్నాడో మాత్రం ఇన్నేళ్లూ తెలియలేదు. నాయన పట్టుదలంతా మామ నోరు మూయించడానికే అనుకున్నాను. రెండు నెలలుగా విసుక్కున్నవన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ముందు సీట్లో తల తిప్పకుండా కూర్చున్నాను.

ఒంటిగంట దాటాక బస్సు వచ్చింది. మా ఆయన తాళంచెవుల మూట పైకెత్తి చూపిస్తూ పరుగెత్తుకొచ్చారు. ఇంటి వైపు తిరిగాం. అక్క ఇల్లు తెరిచి, బీరువా తెరిచి, సంచి తీసుకుని, మా గడప తొక్కకుండా వీధిలోనే కారు బానెట్ మీద పెట్టి విప్పాను. పైన పంచె, తువ్వాలు, చీర, చొక్కా. కింద బియ్యంలో పసుపు కొమ్ము. రబ్బరు బ్యాండు వేసిన కార్డులు. నాలుగూ ఉన్నాయో లేదోనని ఒక్కొక్కటే తీసి చూశాను.

నాలుగు కార్డుల కింద ఇంకో మొహం ఉంది. అంచులు పసుపెక్కిన చిన్న ఫోటో. పటాలం టోపీ పెట్టుకుని, మీసం మొలిచీ మొలవని తాత.

"ఇదెందుకు నాయనా?" అన్నాను. నా గొంతులో కోపం మిగల్లేదు.

నాయన ఫోటో నా చేతిలోంచి తీసుకుని, పంచె అంచుతో తుడిచి, మళ్లీ సంచిలో పెట్టాడు.

"మనం సోమవారం పోతే ఏముందిలే పాపా. ఆయన శుక్రవారమే బయల్దేరినాడు."

సంచి మూతి మళ్లీ కట్టింది మామ. దాన్ని డిక్కీలో పెడతానని డ్రైవరు చెయ్యి చాచాడు. మామ ఇవ్వలేదు. హైదరాబాదు దాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.